డాఫ్నమ్మల పుట్టిల్లు

నాచారంలో కుంటగడ్డ బస్తీకి నీళ్ల ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. ఆరున్నరకని పేరే గానీ ఏడూ కావచ్చు, ఎనిమిదీ కావచ్చు. బిందెలు మాత్రం ఐదింటికే వరుసలో కూర్చుంటాయి. తీరా ట్యాంకరు వచ్చి ఆగాక కూడా ఆడవాళ్లు గబుక్కున పట్టుకోరు. "జర ఆగన్నా, సాలమ్మ రానీ" అంటారు డ్రైవరుతో. డ్రైవరుకు ఇది అలవాటే. బీడీ ముట్టించుకుని, టైరుకు ఆనుకుని నిలబడతాడు.

సాలమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ వస్తుంది. బకెట్‌లో పట్టిచ్చిన నీళ్లలో కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచుతుంది. నీళ్లు మంచివైతే ఆ చెయ్యి అద్దమైపోతుంది. సన్నటి ఎముకలు, నరాలు, వాటి వెనక బకెట్ అడుగున పడ్డ గీతలు, అన్నీ కనిపిస్తాయి. నీళ్లలో ఏదన్నా కలిసి ఉంటే చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది, గిన్నెలు తోమి తోమి కాయలు కాసిన చామనచాయ చెయ్యి. అద్దమైతే "పట్టుకోన్రి" అంటుంది. కాకపోతే ఏమీ అనదు, చెయ్యి దులుపుకుని లేస్తుంది. డ్రైవరు గొణుక్కుంటూ బండి తిప్పుకుని పోతాడు.

ఇందులో వింతేముందని బస్తీలో ఎవర్నడిగినా అంటారు. ఒకరికి మిషను కుట్టడం వచ్చు, ఒకరికి విరిగిన ఎముక కట్టడం వచ్చు, సాలమ్మకు ఇది వచ్చు. కొత్తగా బోరు వేయించిన వాళ్లు పిలుస్తారు. ఉప్పల్‌లో అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లయితే ఆటో పంపిస్తారు. పోయి చెయ్యి పెట్టి, చాయ్ తాగి, అదే ఆటోలో వచ్చేస్తుంది.

ఆమె అసలు కొలువు వేరే. ఫ్యాక్టరీలు వదిలే నీళ్లను పరీక్షించే ల్యాబ్ ఒకటి పారిశ్రామికవాడ వెనక రోడ్డులో ఉంది. అందులో తొమ్మిదేళ్లుగా అటెండరు. ఆ ల్యాబ్‌లో నీళ్లను మనుషులు పరీక్షిస్తారని పేరు గానీ, నిజానికి పరీక్షించేవి డాఫ్నియాలు. డాఫ్నియా అంటే నీళ్లలో ఎగిరెగిరి ఈదే చిన్న పురుగు. ముదిరితే ఆవగింజంత ఉంటుంది. ఒళ్లంతా గాజు. గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, తిన్న తిండి పేగులో దిగడం కనిపిస్తుంది, వీపు మీద ఒడిలాంటి సంచిలో గుడ్లు కనిపిస్తాయి. అన్నీ ఆడవే. మగవాటి ఊసు లేకుండానే వారానికోసారి పిల్లల్ని పెట్టేస్తాయి. ఆ సంగతి విన్న రోజే సాలమ్మ వాటికి డాఫ్నమ్మలని పేరు పెట్టింది. "మంచిగున్నది వీళ్ల కత. అత్త లేదు, ఆడబిడ్డ లేదు, తాగొచ్చేటోడు లేడు" అని నవ్వింది.

సైంటిస్టు త్రిపురసుందరి మొదట కోప్పడింది. ఆమెది తణుకు దగ్గర పల్లె. వచ్చి ఇరవై ఏళ్లయినా హైదరాబాద్ నీళ్లలో కందిపప్పు ఉడకదని ఆమె గట్టి నమ్మకం. మాట కరుకు, చేతిరాత ముత్యాలు. కోప్పడితే కోప్పడింది గానీ రెండేళ్లు తిరక్కుండానే తనూ డాఫ్నమ్మలనే అనడం మొదలుపెట్టింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ముందు కూడా నోరు జారి, దగ్గి సర్దుకుంది.

ఆ ఏడు, అంటే రెండువేల పన్నెండులో, బందులకు లెక్కే లేదు. బస్సులు తిరగని రోజున ఉప్పల్ ఫ్లాటులో చిక్కుకుపోయి త్రిపురసుందరి ఫోను చేసేది.

"సాలమ్మా, వాటికి తిండి పెట్టావా?"

"పెట్టినమ్మా. నడుసుకుంట వచ్చిన. బందని వాటికేం తెల్సు?"

ఇంత మంచి మనిషి సాలమ్మ ల్యాబ్‌లో ఒక దొంగతనం చేస్తుండేది. అబద్ధం ఎందుకు, చేసేది. పరీక్ష నలభై ఎనిమిది గంటలు. రోజు కూడా నిండని డాఫ్నియా పిల్లల్ని ఆ నీళ్లలో వదులుతారు. రెండు రోజులయ్యాక గ్లాసును మెల్లగా తిప్పి చూస్తారు. ఈదితే బతికినట్టు, కదలకపోతే లెక్కలోంచి తీసేసినట్టు. ఆ తర్వాత చచ్చినవాటినీ బతికినవాటినీ కలిపి బ్లీచింగ్ నీళ్ల బకెట్‌లో పారబోయాలి. అది రూలు. పారబోయాల్సింది సాలమ్మ. చచ్చినవాటిని పోసేది. బతికినవాటిని ఆ నీళ్లతో సహా సద్దిడబ్బాలో ఇంటికి తెచ్చుకునేది.

"పరీచ్చ రాసి పాసైన పిల్లను సంపుతరా ఎవరన్న?" అని భర్త సాంబయ్యను అడిగింది మొదటిసారి తెచ్చినప్పుడు. సాంబయ్య లేచి డబ్బా పెట్టడానికి చోటు చేశాడు.

ఇంటి వెనక పిట్టగోడ మీద వెడల్పు మూతి సీసాలు వరుసగా ఉండేవి. ఇది రంగుల కంపెనీ వాళ్లది, ఇది మందుల కంపెనీ వాళ్లది, ఇది తోళ్ల కంపెనీ వాళ్లది. కొత్త సీసా వచ్చిన రోజున మూత మీద పసుపు కలిపిన బియ్యపు గింజలు ఐదు పెట్టేది. కూతురు అత్తగారింటికి పోయేటప్పుడు ఒడిబియ్యం పోస్తారు, ఈమె పుట్టింటికి వచ్చినప్పుడు పోసేది, అంతే తేడా. రోజుకో చెంచాడు పచ్చటి కుంటనీళ్లు తిండి. పదో రోజుకల్లా సీసా నిండా దుమ్ములా పిల్లలు లేచేవి. సాలమ్మ వాటి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది.

ఆమెకు పిల్లల్లేరు. ఇరవై ఆరేళ్ల కాపురం. మొదటి నాలుగేళ్లలో రెండుసార్లు కడుపు నిలిచి, ఐదో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి పోయింది. దవాఖానాలు తిరిగింది, మొక్కులు మొక్కింది. అత్త బతికున్నన్నాళ్లూ కోడలి కడుపు మంచిది కాదని వాకిట్లో కూర్చుని అనేది. అత్త పోయాక ఆ మాట అనేవాళ్లు లేరు గానీ సాలమ్మ తనలో తను అనుకుంటూనే ఉంది.

సెప్టెంబరు నెలాఖరులో పవన్‌కుమార్ అనే కుర్ర ఇంజనీరు ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. గుంటూరు పిల్లాడు, మర్యాదస్తుడు, గడప బయటే బూట్లు విప్పబోయాడు. వాళ్ల కంపెనీ కొత్తరకం బ్యాటరీల్లోకి నల్లపొడి చేస్తుంది. సెల్‌ఫోన్లకు, ముందు ముందు కార్లకు. లిథియం, నికెల్, కోబాల్టు కలిపి కాల్చిన పొడి.

"ఎంత సన్నగా ఉంటుందంటే మేడమ్, తలవెంట్రుకను నిలువునా వెయ్యి పాయలుగా చీలిస్తే అందులో ఒక్క పాయంత" అన్నాడు గర్వంగా.

సాలమ్మ తన జడ చివర పట్టుకుని చూసుకుంది.

యంత్రాలు కడిగిన నీళ్లలో ఆ పొడి కొద్దిగా పోతుందట. ఆ నీళ్లు వదలడానికి పైపు కూడా వేసేశారట. ల్యాబ్ సరేనంటే దసరా దాటిన సోమవారం తెరుస్తారు. ఎక్కడికి వదులుతారని త్రిపురసుందరి అడిగితే, కాగితం తిరగేసి "మల్లన్నకుంట అని ఉంది మేడమ్" అన్నాడు.

గ్లాసులు తుడుస్తున్న సాలమ్మ చెయ్యి ఆగిపోయింది. మల్లన్నకుంట సాంబయ్యది. అంటే పట్టా రాసిచ్చింది కాదు, ఆ కుంటలో చేపలు పట్టే పదకొండు ఇళ్లలో ఆయనదొకటి. చుట్టుపక్కల చెరువులన్నీ నురగలు కక్కుతుంటే ఈ ఒక్క కుంటలో ఇంకా చేప బతుకుతోంది. మిగతా మగవాళ్లు ఫ్యాక్టరీ పనులకు పోయినా సాంబయ్య పోలేదు. శ్రావణంలోనే వేలెడంత బొచ్చె చేపపిల్లల్ని వదిలాడు. రోజూ పొద్దున గట్టు మీద నిలబడి, ఎగిరిన చేప కనిపిస్తే వచ్చి పెళ్లానికి చెప్పేవాడు.

త్రిపురసుందరి పరీక్ష పద్ధతిగా చేసింది. పైపులోంచి ఎంత పొడి పడుతుందో అంతే కలిపి, గ్లాసుకు ఐదు చొప్పున నాలుగు గ్లాసుల్లో ఇరవై పిల్లల్ని వదిలింది. రెండు రోజులయ్యాక తిప్పి చూస్తే ఇరవైకి ఇరవై ఈదుతున్నాయి. సంతకం పెట్టే ముందు, ఏ పుస్తకంలోనూ లేని తన అలవాటు ప్రకారం, తలుపు దగ్గరగా వేసి పిలిచింది.

"ఇలా రా సాలమ్మా. ఓసారి చెయ్యి పెట్టు."

సాలమ్మ పెట్టింది. చెయ్యి ఎప్పటిలా అద్దమైంది. ప్రాణం లేచొచ్చింది ఆమెకు.

"మంచిగనే ఉన్నయమ్మా" అంది.

త్రిపురసుందరి సంతకం పెట్టింది. ఆ సాయంత్రం ఇరవై డాఫ్నమ్మలు సద్దిడబ్బాలో కుంటగడ్డకు వచ్చాయి. "కుంటల కంపెనీ నీళ్లు పడ్తయంట గానీ ఫికర్ చెయ్యకు. నేనే చెయ్యి పెట్టి సూసిన" అని సాలమ్మ మొగుడికి చెప్పింది, కొంచెం గొప్పగానే.

పది రోజులైంది. బ్యాటరీ సీసాలో పిల్లల్లేవు. కొత్త చోటు కదా, బెదిరి ఉంటాయనుకుంది. పన్నెండో రోజున ఎండ వైపు పట్టి చూస్తే ఒక్కోదాని ఒంట్లో పేగు పొడుగునా నల్లటి దారం. తిన్న తిండి అయితే పచ్చగా ఉండాలి, పొద్దుటికి పోవాలి. ఇది పోలేదు. నీళ్లు మార్చింది. కుంటనీళ్లు రెండు చెంచాలు వేసింది. పద్నాలుగో రోజున ఒకదాని ఒడిలో నాలుగు గుడ్లు కనిపించాయి. ఆ రోజు ల్యాబ్‌లో పని చేస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. మర్నాడు చూస్తే ఆ గుడ్లు కరిగిపోయి ఉన్నాయి. పక్క సీసాలో తోళ్ల కంపెనీ వాళ్ల మునిమనవరాళ్లు ఎగురుతున్నాయి.

ఆ ఎదురుచూపు ఆమెకు కొత్తది కాదు. రోజులు లెక్కపెట్టుకోవడం, ఉందనుకోవడం, పోయిందని తెలుసుకోవడం, అంతా తెలిసిన దారే. పీట మీద కూర్చుని ఏడ్చింది. పురుగుల కోసం ఏడుస్తున్నానా అని తన మీద తనకే కోపం వచ్చింది, అయినా ఏడ్చింది.

పద్దెనిమిదో రోజు సాయంత్రం, సాంబయ్య వాకిట్లో వల చిక్కులు తీసుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, నా చెయ్యి అబద్ధం చెప్పింది."

"ఏం జెప్పింది?"

"నీళ్లు మంచిగున్నయన్నది. సీసాల ఇరవై మంది ఉంటే ఒక్కదానికి పిల్లల్లేరు. గా నీళ్లే మన కుంటల పడ్తయి. మొదలు కుంటల పురుగు పోతది. పురుగు లేకుంటే నువ్వు ఇడిసిన పిల్ల ఏం తింటది? మంచిగున్నయని చెప్పింది నేనే."

సాంబయ్య వల పక్కన పెట్టాడు. ఆయన గబుక్కున మాట్లాడే మనిషి కాదు.

"ఎంతసేపు పెట్టినవ్ చెయ్యి?"

"ఎప్పటి లెక్కనే. రెండు నిమిషాలు."

"నేను వల ఏసి రెండు నిమిషాలకే గుంజుకుంటే ఏం పడ్తదే? నాచు పడ్తది. కుంటల చాపల్లేవని ఇంటికొస్తనా?" అన్నాడు. "నీ చెయ్యి అబద్ధం చెప్పలే. నువ్వు ఆగలే."

"మేడమ్‌కు చెప్పాలంటే సీసాల సంగతి చెప్పాలె. తొమ్మిదేండ్ల సంది ఎత్తుకొస్తున్ననని తెలుస్తది. కొలువు పోతది."

సాంబయ్య వలను మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. "మొదలు చెయ్యి పెట్టి సూడు. గీసారి ఆగు" అన్నాడు.

ఆదివారం నాడు సాలమ్మ వాకిట్లో స్టీలు బేసిను పెట్టుకుంది. ల్యాబ్ వెనక షెడ్డులో పవన్‌కుమార్ తెచ్చిన డబ్బా ఇంకా సగం ఉంది. అందులోంచి ఒక సీసాడు పట్టుకొచ్చింది. అదీ దొంగతనమే. ఎంత నీళ్లకు ఎంత పొడినీళ్లు కలపాలో తొమ్మిదేళ్లుగా చూసిన కళ్లు, తప్పు పోలేదు. పొద్దున ఏడింటికి కుడిచెయ్యి ముంచింది. చెయ్యి అద్దమైంది. తియ్యకుండా కూర్చుంది.

అవి బతుకమ్మ రోజులు. పక్కింటి రాములమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు తెచ్చుకుని, ఈమె ఒక్కతే ఎందుకు కూర్చోవాలని ఈ వాకిట్లోనే బతుకమ్మ పేర్చారు. చెయ్యి ఎందుకు పెట్టిందని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం రాములమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

"నోరు పెద్దగ తెరువు. పెండ్లికూతురు లెక్క సిగ్గుపడ్తున్నవేంది" అని కసిరింది.

రెండింటి దాకా ఏమీ లేదు. మూడు దాటాక చూపుడువేలి గోరు కింద ఏదో పొగచూరినట్టు అయింది. ఆ మసక మెల్లగా సన్నబడి, దారమై, వేలి పొడుగునా దిగింది. తర్వాత మధ్యవేలు. పొద్దుగూకే వేళకు ఐదు వేళ్ల దారాలూ అరచేతిలో కలుసుకుని మణికట్టు దగ్గర ఆగాయి. సాలమ్మ చెయ్యి బయటికి తీసి కొంగుతో తుడుచుకుంది. ఎప్పుడూ తుడిస్తే మామూలు చెయ్యి అయిపోయేది. ఈసారి కాలేదు. గాజు గాజులాగే ఉంది, లోపల నల్లదారం దారంలాగే ఉంది.

"పోదా ఇది?" అంది రాములమ్మ.

"ఏమో" అంది సాలమ్మ. పూలపొడి అంటిన వేళ్లతో రాములమ్మ ఆ చెయ్యి పట్టుకుని కాసేపు నిమిరింది.

సోమవారం ల్యాబ్‌లో త్రిపురసుందరి ఆ చెయ్యి చూసింది. కుర్చీ జరిపి, "ఇలా పెట్టు" అని వేలిని మైక్రోస్కోపు కింద పెట్టించుకుంది. అద్దంలోకి వంగి చూస్తూ చాలాసేపు తల ఎత్తలేదు.

"ఎంతసేపు పెట్టావు?"

"పొద్దటి సంది పొద్దుగూకే దాకా." ఆ తర్వాత సాలమ్మ ఇంక ఆగలేకపోయింది. సద్దిడబ్బా, సీసాలు, తొమ్మిదేళ్లు, కరిగిపోయిన నాలుగు గుడ్లు, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది. "కొలువు తీసేస్తే తీసెయ్యిండ్రి అమ్మా. కుంట మాత్రం కాపాడున్రి" అంది.

త్రిపురసుందరి హ్యాండ్‌బ్యాగు తీసుకుని లేచింది. తాళం వేసి, ఆటో పిలిచి, సాలమ్మను ఎక్కించుకుని కుంటగడ్డకు వచ్చింది. ఇస్త్రీ చీరతోనే నేల మీద చతికిలబడి, భూతద్దంతో సీసాలు ఒక్కొక్కటే చూసింది. బ్యాటరీ సీసా దగ్గర ఆగింది. ఇరవైలో పదమూడు మిగిలాయి. పదమూడింటి ఒంట్లోనూ నల్లదారం, పదమూడు ఖాళీ ఒడులు.

"ఇరవయ్యొక్క రోజుల పరీక్ష ఒకటి ఉంటుంది సాలమ్మా" అంది మెల్లగా. "పిల్లల్ని కంటున్నాయా లేదా అని రోజూ చూడాలి. నాకు తెలుసు. వాళ్లు అడగలేదని నేను చెప్పలేదు. రెండు రోజులు చూసి బాగుందని రాసేశాను. నువ్వు రెండు నిమిషాలు చూశావు, నేను రెండు రోజులు చూశాను. నా తప్పే పెద్దది." అలా అంటూ ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. తప్పు ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేని పని, అందుకే తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

ల్యాబ్ ఎండీ గారు ఒప్పుకోలేదు. రూలు ప్రకారం ఇచ్చిన రిపోర్టును మార్చడమేమిటన్నారు. "మార్చడం లేదండీ, కింద ఇంకో పేజీ చేరుస్తున్నాను" అంది త్రిపురసుందరి. తర్వాత నెల రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆమెకూ ఆయనతో మాట్లాడాలని పెద్దగా లేదు.

ఫోనులో త్రిపురసుందరి సంగతంతా చెప్పాక, దసరా అయిన మర్నాడు పవన్‌కుమార్ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"చట్టంలో నలభై ఎనిమిది గంటలే కదా మేడమ్. మేం తప్పేం చేయలేదు."

"చేయలేదు బాబూ. నేనే తొందరపడ్డాను."

"ఇంట్లో సీసాల్లో చూసింది పరీక్ష ఎలా అవుతుంది? మా వాళ్లకు నేనేం చెప్పను? సోమవారం పైపు తెరవాలి."

అతను అన్నది న్యాయమే. చాయ్ తెచ్చిన సాలమ్మ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ పక్కనే తెరిచి ఉన్న ఫైలు మీద కుడిచెయ్యి ఆనించింది. కావాలని పెట్టిందో, బరువుకు ఆనిందో ఆమెకే తెలియాలి. ఆ చేతిలోంచి కింది అక్షరాలు చక్కగా కనిపించాయి. నీటి జీవులకు హాని లేదు అన్న వాక్యం, దాని మీదుగా ఐదు నల్లదారాలు. పవన్‌కుమార్ ఆ వాక్యాన్ని చదివాడు. మళ్లీ చదివాడు.

"నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు.

"నొప్పి లేదు బిడ్డా. నొప్పి లేకుంటనే వచ్చింది. అందుకే మాకు తెల్వలే."

చాయ్ మీద మీగడ కట్టింది. అతను తాగలేదు. కాసేపయ్యాక జేబులోంచి పెన్ను తీసి, "ఇరవయ్యొక్క రోజుల పరీక్షకు అర్జీ ఎలా రాయాలో చెప్పండి మేడమ్. అది అయ్యేదాకా పైపు తెరవనివ్వను. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆ పరీక్షను త్రిపురసుందరి సాలమ్మ చేత చేయించింది. రోజూ పొద్దున పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టి చెప్పడం ఆమె పని, రాసుకోవడం మేడమ్ పని. సీసాల ఊసు ఎక్కడా రాయలేదు. బ్లీచింగ్ బకెట్ ఉన్నచోటనే ఉంది, అందులో ఏం పడుతోందో ఏం పడటం లేదో మేడమ్ చూడటం మానేసింది.

బస్తీలోనే చిన్న చిక్కు వచ్చింది. కుడిచెయ్యి ఎప్పుడూ గాజే అయిపోయాక ట్యాంకరు నీళ్లు మంచివో కావో తెలియడం ఎట్లా? సాలమ్మ ఎడమచెయ్యి ముంచింది. అది ఎంచక్కా అద్దమైంది. "ఎడమచెయ్యి పెట్టిన నీళ్లు దేవుడి దగ్గరికి ఎట్ల తీస్కపోవాలె?" అని ఒకరిద్దరు సణిగారు. "దేవునికి నువ్వు ఏరే పట్టుకో, మాకు తాగనియ్యి" అంది రాములమ్మ. రెండు ట్యాంకర్లకు ఆ గొడవ చల్లారింది.

ఇరవయ్యొక్క రోజులు అయ్యాయి. మంచినీళ్లలో తల్లికి ఎనభై పైచిలుకు పిల్లలు. పొడినీళ్లలో కొన్నిటికి రెండు, మూడు, ఎక్కువ వాటికి అసలు లేవు. త్రిపురసుందరి ఆ పేజీని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి కంపెనీకి ఒకటి, కాలుష్యం ఆఫీసుకు ఒకటి పంపింది. పవన్‌కుమార్ తన పైవాళ్లతో వారం రోజులు పోట్లాడాడు. చివరికి కడిగిన నీళ్లను వడగట్టి, మళ్లీ కడగడానికే వాడుకునేట్టు ఒప్పించాడు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అతను మేస్త్రీని వెంటబెట్టుకుని మల్లన్నకుంటకు వచ్చాడు. కుంటలోకి దిగిన పైపు మూతి దగ్గర మేస్త్రీ ఇటుకలు పేర్చి, సిమెంటు కలిపి, తాపీతో నున్నగా పూశాడు. ఒక చుక్క కూడా దాటని ఆ పైపును సాంబయ్య గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"పొద్దుగూకే దాకా ఎవ్వరూ ముట్టొద్దు, పచ్చిగుంది" అని చెప్పి మేస్త్రీ పోయాడు. పవన్‌కుమార్ సాంబయ్యకు నమస్కారం పెట్టి పోయాడు. కుక్కలు తొక్కుతాయేమోనని సాంబయ్య అక్కడే బండ మీద కూర్చున్నాడు.

సాలమ్మ అన్నం డబ్బా తీసుకుని వచ్చింది. ఆయన తిన్నాడు, చేతులు కడుక్కున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. నీళ్ల మీద ఎండ తెల్లగా ఉంది, అక్కడక్కడ చేప ఎగురుతోంది. సాంబయ్య ఆమె కుడిచేతిని తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. పగటిపూట, నలుగురు తిరిగే చోట, ఇరవై ఆరేళ్లలో ఆయన అట్లా చేయడం ఇదే మొదలు. ఆ నల్లదారాల వంక చూస్తూ అన్నాడు.

"మన పెండ్లయిన కొత్తల రంగుల ఫ్యాక్టరీ ఎనక గుడిసెల ఉంటిమి గదా. అక్కడ బోరింగు నీళ్లు తాగినం. నాలుగేండ్లు. తెల్లగ ఉండె, తియ్యగ ఉండె. ఎవ్వరం సూడలే."

సాలమ్మ ఆయన వంక తిరిగింది.

"మా అమ్మ అన్నదని నేను గూడ అట్లనే అనుకున్న. నీకు ఎన్నడూ చెప్పలే గానీ అనుకున్న" అన్నాడు సాంబయ్య. "నీ కడుపుది తప్పు కాదే సాలమ్మా."

సాలమ్మ తల ఆయన భుజానికి ఆనించి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా, కడుపారా ఏడ్చింది. ఆయన చెయ్యి వదల్లేదు. సిమెంటు ఆరేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.